ఎవరివీ కాని ఏడు మూటలు

ముప్పై రెండేళ్లు జనాన్ని భయపెట్టి జీతం తీసుకున్నాను. కార్ఖానా సేఫ్టీ విభాగంలో బోర్డులు రాయడం నా పని. 'తలపైన క్రేన్ నడుస్తోంది', 'గ్లోవ్స్ లేనిదే చెయ్యి పెట్టవద్దు' లాంటివి హిందీలో, ఒడియాలో, తెలుగులో రాసేవాణ్ణి. అన్నేళ్లలో నాకు చిన్న గీత కూడా పడలేదు కాబట్టి, నా బోర్డులు రాసినవాడి మీదైనా బాగా పనిచేశాయనే అనుకుంటాను. పదవీ విరమణ నాడు పదవి పోయింది గానీ విరమణ రాలేదు. జంషెడ్‌పూర్ తెలుగువాళ్ల ఫోన్ గ్రూపుకి నన్ను పెద్దని చేశారు. పెద్ద అంటే మరేం లేదు, తెల్లారకుండా పండగ శుభాకాంక్షలు పెట్టకండని అందరినీ బతిమాలుకునేవాడు.

ఆ వేసవిలో సరిహద్దు వైపునుంచి వచ్చే వార్తలు బాగాలేవు. టీవీ తెర నిండా ఎర్ర అక్షరాలు. మేముండే సోనారిలో చిన్న విమానం రోజూ ఎగురుతుంది. దాన్ని చూసి పిల్లలు కూడా తలెత్తడం మానేసి ఎన్నేళ్లో అయింది. అలాంటిది, అది ఎగరగానే పెద్దవాళ్లు వాకిట్లోకి వచ్చి పైకి చూడటం మొదలుపెట్టారు. ఉక్కు చేసే ఊరు కదా, మొదటి దెబ్బ మనకేనని ఒకరు. నది మీద వంతెనని ఎవరో ఫోటోలు తీసి పారిపోయారని ఇంకొకరు. మంచినీళ్లలో ఏదో కలిపారని విని మా వీధివాళ్లు ఒక పూటంతా నీళ్లు తాగలేదు, టీ మాత్రం తాగారు. దేశమంతా హై అలర్ట్ అన్నారు. రెండు రోజులకి అది గ్రూపులో 'రెడ్ లెవెల్' అయింది. ఎవరు పెంచారో తెలియదు. హెచ్చరిక అనే మాటలో హెచ్చు ఉంది గానీ, తగ్గరిక అనే మాటని మనవాళ్లు ఎవరూ పుట్టించలేదు. ప్రమాదం పెరిగిందని చెప్పడానికి మనుషులున్నారు. తగ్గిందని చెప్పడానికి ఎవరికీ జీతం లేదు.

ఆ రోజుల్లోనే పోలీసుల ప్రకటన ఒకటి హిందీలో వచ్చింది. నాలుగే వాక్యాలు. తెలియనివాళ్లు ఇచ్చిన సామాను తీసుకోవద్దు, అనుమానం కలిగితే చెప్పండి, అంతే. మన పెద్దవాళ్లకి అర్థమవుతుందని దాన్ని తెలుగులో పెట్టాను. అక్కడితో ఆగితే బాగుండేది. కానీ బొమ్మ లేని హెచ్చరిక జనం మనసులో నిలవదని నా వృత్తి నాకు నేర్పింది. తెగిన వేలు బొమ్మ వేస్తే తప్ప ఎవడూ గ్లోవ్స్ తొడుక్కోడు. అందుకని ఒక వాక్యం నా సొంతంగా చేర్చాను: 'ఉదాహరణకు, లోపల ఏమున్నదో తెలియకుండా ఇతరుల మూటలను రైళ్లలో మోసుకొనిపోవువారు కానవచ్చినచో తెలియజేయగలరు.' వేలు బొమ్మ వేసినంత తేలిగ్గా రాసేశాను.

మూడో రోజు ఆ వాక్యం ఊరంతా తిరిగి నా దగ్గరికే వచ్చింది. గోవింద్‌పూర్‌లో ఉండే మావాడొకడు పంపాడు. పైన 'ఢిల్లీ నుండి అత్యవసరం' అని ఉంది, ఎర్ర త్రికోణాలు నాలుగు ఉన్నాయి. నా పేరు లేదు. చదివి నిజంగానే భయపడ్డాను. వంటింట్లోకి వెళ్లి మా ఆవిడకి చూపించాను.

"చూశావా, మూటలు మోసేవాళ్ల సంగతి ఢిల్లీదాకా పోయింది."

ఆవిడ కళ్లజోడు పైకెత్తి చదివింది. "ఢిల్లీ ఏటండీ? ఇది మీరు రాసిందే గదా. 'కానవచ్చినచో' అని ఈ ఊళ్లో ఇంకెవులు రాత్తారు?"

నిజమే. నా రాతని నేనే గుర్తుపట్టలేదు. నా మీద నాకు కొంచెం గౌరవం కూడా కలిగింది, అది వేరే సంగతి.

"మరిది అప్ప మీద రాసినట్టుగుంది. చెరిపీండి" అంది.

"అప్ప మీద కాదే. ఉదాహరణ."

"ఊరి మొత్తం మీద ఆ పని సేసేది అప్పొక్కత్తే. ఇంక ఉదారణేటండీ?"

వెంటనే మా గ్రూపులో చెరిపేశాను. మిగతా గ్రూపుల్లో ఎలా చెరుపుతాను?

అప్ప అంటే మావైపు అక్క. ఆవిడ మా ఇద్దరికీ వరసకి ఏమీ కాదు, కానీ ఊళ్లో తెలుగువాళ్లందరికీ అప్పే. భుయ్యాడీహ్‌లో ఒక గది ఇంట్లో ఉంటుంది. మొగుడు కాంట్రాక్టు పనిలో ఉండగా పోయాడు. అప్పటినుంచి రెండు వారాలకొకసారి రైలెక్కి విజయనగరం వైపు వెళ్లి వస్తుంది. మేము ఇక్కడినుంచి పంపే మూటలు అక్కడి చుట్టాలకి, వాళ్లు పంపేవి మాకు. కొరియర్లు లేక కాదు. కొరియరు వాడు మూట ఇస్తాడు గానీ, మీ చెల్లెలు చిక్కిపోయింది, మీ బావ మందు మానేశాడు అని చెప్పడు కదా.

ఆవిడకి చదువు రాదు. మూట మీద పేరు రాసినా ఉపయోగం లేదు. అందుకని ఒక పద్ధతి ఏర్పడింది. ఒక్కో ఇంటిది ఒక్కో ముడి. రెండు పేటల ముడి ఒకరిది, చీర అంచుతో కట్టి లోపలికి దోపింది ఇంకొకరిది. మాది ఎర్ర తాడుతో మూడు చుట్లు. ముడి చూసి ఏ ఇంటినుంచి ఏ ఇంటికో చెప్పేది. ఇంకో నియమం కూడా ఉంది. లోపల ఏముందో ఆవిడ అడగదు, మనం చెప్పబోతే చెయ్యి అడ్డం పెడుతుంది.

"నాకు సెప్పకండి బావూ. లోపలేటుందో తెలిస్తే మూట బరువెక్కిపోద్ది. నాను మోసీదాన్నే గానీ ఇప్పీదాన్ని కాదు."

ఆ నమ్మకం మీదే మేమంతా ఎవరికీ చూపించని వస్తువులు కూడా ఆవిడ చేతికిచ్చేవాళ్లం. ఆ వారం నేనూ ఇచ్చాను. నా చెల్లెలికి చెవులు వినబడవు, ఫోను పనికిరాదు. మోకాళ్ల మాత్రలు, వేయించిన శనగల సత్తు పిండి, మా ఆవిడ కుట్టిన దిండు గలీబులు, ఒక ఉత్తరం.

మూట ఇచ్చిన మర్నాడు పొద్దున్న పదిన్నరకి ఫోను వచ్చింది. స్టేషన్ నుంచి, పోలీసు. భుయ్యాడీహ్‌కి చెందిన ఒక స్త్రీ ఏడు మూటలతో ప్లాట్‌ఫారం మీద దొరికింది, లోపల ఏముందో చెప్పడంలేదు, మీ పేరు చెబుతోంది, మీరు తెలుగువాళ్ల పెద్దట కదా, రండి అన్నారు.

ఆటోలో వెళ్తూ ఆలోచించింది అప్ప గురించి అని రాయాలని ఉంది. కాదు. మా పెద్దమ్మాయికి సర్కారు బడిలో టీచరుగా ఉద్యోగం వచ్చింది. చేరేముందు జరగాల్సిన పోలీసు విచారణ కాగితాలు మా పేట ఠాణాలో ఇంకా కదలకుండా ఉన్నాయి. ఈ సమయంలో ఇంట్లోవాళ్ల పేరు ఏ రిజిస్టర్లోనైనా ఎక్కితే ఉద్యోగం పోతుందని గ్రూపులో ఎవరో రాశారు. అది కూడా ఢిల్లీ నుంచే వచ్చిందట. వదంతుల్ని నమ్మవద్దని అందరికీ చెప్పేవాణ్ణి కాబట్టి, నమ్మడం ఎలాగో నాకు బాగా తెలుసు.

అప్ప ఒక గది మూల నేల మీద కూర్చుని ఉంది. మూటలు వరసగా గోడకి ఆనించి ఉన్నాయి. నన్ను చూసి లేచింది. మొహం వెలిగింది.

"వచ్చినారా బావూ! సెప్పండి ఈలకి. నాను ఎవుల్నో, ఏటో."

అధికారి చెడ్డవాడు కాదు. అలిసిపోయిన మనిషి. కుర్చీ ఇచ్చాడు, టీ తెప్పించాడు. తన ఫోను నా ముందు పెట్టాడు. అందులో నాలుగు ఎర్ర త్రికోణాలు.

"మీవాడే ఒకాయన ప్లాట్‌ఫారం మీద ఇది చూపించి ఈమెని పట్టిచ్చాడు. ఏం రాసుందో చెప్పండి" అన్నాడు హిందీలో.

హిందీనుంచి తెలుగులోకి నేను తెచ్చినదాన్ని తెలుగునుంచి హిందీలోకి మళ్లీ నేనే తీసుకెళ్లాను. నా సొంత వాక్యం దగ్గరికి వచ్చేసరికి గొంతు కొంచెం తగ్గింది. ఎవరు రాశారని ఆయన అడగలేదు. ఢిల్లీ అని ఉంది కదా.

"అంతా సరిగ్గా ఈమె లాగే ఉంది" అన్నాడు. "నాకూ తెలుసు, ఇందులో పచ్చళ్లే ఉంటాయని. కానీ తనిఖీ యంత్రం ఒక మూట దగ్గర గట్టిగా మోగింది. పైనుంచి రోజుకి మూడుసార్లు ఫోన్లు. అందుకని ఒకటి చేద్దాం. మూటల వాళ్లు వచ్చి, ఇది మాది, ఇందులో ఫలానాది ఉంది అని విప్పి చూపించమనండి. ఒక్కడొచ్చి నాదే అన్నా చాలు, మనిషి మాట నిజమని రాసుకుని ఈమెని మధ్యాహ్నానికి ఇంటికి పంపించేస్తాను. ఎవరూ రాకపోతే పేరు రిజిస్టర్లో ఎక్కించాలి. అది నా చేతిలో లేదు."

రిజిస్టరు బల్ల మీద తెరిచే ఉంది. ఆయన కలం తీసుకుని, మామూలుగా, టీలో చక్కెర సరిపోయిందా అని అడిగినట్టుగా అడిగాడు:

"వీటిలో మీదేమైనా ఉందా?"

"లేదు" అన్నాను.

అప్ప నావైపు ఒక్కసారి చూసింది. తర్వాత ఎర్ర తాడు మూటవైపు చూసింది. తర్వాత నేల చూసింది.

ఒక్కో మూట ముడి చూసి ఆవిడ ఎవరిదో చెబుతుంటే, నేను ఫోన్లు చేశాను. స్పీకరు పెట్టమన్నాడు అధికారి. మొదటిది గోవింద్‌పూర్ ఇల్లు. యంత్రం మోగింది వాళ్ల మూట దగ్గరే. పైనుంచి తడిమితేనే ప్రెషర్ కుక్కరని తెలిసిపోతోంది. విషయం చెప్పాను.

"కుక్కరా? మా ఇంట్లో కుక్కరే లేదు బావూ" అన్నాడాయన. "గంజి వార్చుకుని తింటాం మేం." ఆయన వెనక ఏదో కుక్కరు విజిలేసింది.

రెండోది, కోస్తా వైపునుంచి వచ్చిన ఒక టీచరమ్మ. చర్చిలో బాగా పాడుతుంది. "అయ్యో పాపం అండీ, ఆవిడ కోసం ఇప్పుడే ప్రార్థన చేస్తానండీ" అంది. "మాది మాత్రం కాదండీ."

మూడో ఇంట్లో కాలేజీ చదివే పిల్ల ఎత్తింది. "పాపా ఘర్ పే నహీ హై, అంకుల్" అంది. ఆ వెనకే "లేనని సెప్పే, లేనని సెప్పే" అని వాళ్ల పాపా గొంతు. మిగతా మూడు ఫోన్లు మోగి మోగి ఊరుకున్నాయి. వాళ్లెవరినీ నేను తప్పుపట్టలేను. వాళ్లు ఫోనులో అబద్ధమాడారు. నేను ఆవిడ ఎదురుగా కూర్చుని ఆడాను.

ఏడోదాని దగ్గరికి వచ్చింది. "ఇదెవరిది?" అన్నాడు అధికారి.

"మాలూమ్ నహీ సాహెబ్" అంది అప్ప.

ఆరు ముడులు గుర్తుపట్టిన మనిషికి ఏడోది తెలియకపోవడమేమిటని ఆయన రెండుసార్లు అడిగాడు. గట్టిగా అడిగాడు. ఆవిడ రెండుసార్లూ అదే చెప్పింది. అప్పుడైనా నేను నోరు విప్పి ఉండొచ్చు. టీ గ్లాసు తీసుకున్నాను. అది ఖాళీగా ఉందని పెదవి తగిలాక తెలిసింది.

మధ్యాహ్నం కుక్కని తెచ్చారు. అది సత్తు పిండి వాసన చూసి తుమ్మింది. ఆ తర్వాత ఇద్దరు మనుషులు బ్లేడు పట్టుకుని కూర్చున్నారు.

"కొయ్యకండి బాబూ! ముడి కొయ్యకండి, ఇప్పండి" అని అప్ప లేచింది. పొద్దుటినుంచి ఆవిడ గొంతు పెంచింది అప్పుడే. "ముడి పోతే ఏది ఎవులిదో నాకెలాగ తెలుత్తాది?"

ఆ మాట హిందీలో చెప్పాను. వాళ్లు విన్నారు. కోశారు. ఏడు ఇళ్ల గుట్టు బల్ల మీద పరిచారు. కుక్కరు, దాని గాస్కెట్టు. తోమిన ఇత్తడి చెంబు. ఒకరి పాత చీరలు, చిరిగినచోట సన్నగా కుట్టినవి. ఎవరో ఆడమనిషి పొట్ట కట్టుకుని దాచి పంపుకున్న చిన్న బంగారు ముక్క, దూదిలో చుట్టి. ఒక జబ్బు మందులు, ఆ జబ్బు పేరు ఆ ఇంటివాళ్లు ఏనాడూ పైకి అనలేదు. అప్ప తల తిప్పేసుకుని గోడ చూస్తూ నిలబడింది. చూడకూడదని.

మా మూటలోంచి ఉత్తరం బయటికి వచ్చింది.

"తెలుగా? మీరే చదవాలి" అన్నాడు అధికారి. "ఒక్కో వాక్యం హిందీలో చెప్పండి."

నా దస్తూరీ నా చేతికిచ్చారు. బోర్డులు రాసిన చెయ్యి కదా, గుండ్రంగా, దూరంనుంచి కూడా కనిపించే అక్షరాలు. ప్రియమైన చెల్లికి. మాత్రలు రాత్రి భోజనం తర్వాత ఒకటే వేసుకో. ఇక్కడ ఎండలు ఎక్కువ. టీవీలో చూపించేదంతా చూసి కంగారుపడకు, మేము బాగానే ఉన్నాం. ఇవన్నీ చదివి చెప్పాను. ఆ తర్వాత నాలుగు వరసలు ఉన్నాయి. వాటి మీద వేలు పెట్టి నడిపించాను, నోరు మాత్రం నడవలేదు. చివర సంతకం దగ్గర మళ్లీ మొదలుపెట్టాను.

"రాసిందెవరు? పేరుందా?"

"పేరు లేదు సార్. 'ఇట్లు మీ అన్నయ్య' అని ఉంది."

ఆ రోజు ఆ గదిలో నేను చెప్పిన నిజం అదొక్కటే.

సాయంత్రం ఐదు దాటాక అప్పని, ఆ సామాన్నీ వదిలారు. కేసేమీ లేదు. రిజిస్టర్లో పేరు, చిరునామా, ఎడమ బొటనవేలి ముద్ర. అలర్ట్ ప్రకటించినప్పుడల్లా ఠాణావాళ్లు ఇంటికొచ్చి ఆమె ఊళ్లోనే ఉన్నదీ లేనిదీ చూసి వెళ్తారు. ఆ వారాల్లో రైలెక్కకూడదు. అలర్ట్ లేని వారం ఏదో నాకు తెలియదు, ఆయనకీ తెలియదు. రైలు ఎలాగూ పొద్దున్నే వెళ్లిపోయింది.

ఇంటికొచ్చి మా ఆవిడకి చెప్పాను, ఎవరూ రాలేదు, అందరూ కాదన్నారు అని. "ఓలమ్మ, ఒక్కలికీ మనసు రాలేదేటండీ?" అని ఆవిడ కళ్లు తుడుచుకుంది. మన మూట సంగతేమైందని అడిగితే, పోలీసులే ఉంచుకున్నారని చెప్పాను.

వారం తర్వాత, మిట్టమధ్యాహ్నం, అప్ప మా ఇంటికి వచ్చింది. చంకలో మూట. కొత్త తాడుతో, తనకి తోచినట్టు కట్టింది. మిగతా ఆరూ ఇచ్చేసి వచ్చిందట. ముడులు పోయినా, మళ్లీ కట్టేటప్పుడు లోపలివి కళ్లబడ్డాక ఎవరివో తెలిసిపోయాయట. తీసుకునేటప్పుడు అందరూ వీధిలో అటూ ఇటూ చూసుకున్నారు. రెండు వారాల తర్వాత మళ్లీ ఇస్తారా అని అడిగితే, కొన్నాళ్లు పోనీ అప్పా అన్నారు.

"ఇది ఎవులిదో తెల్దన్నాను గదా ఆయనకి" అంది, మూట నా కాళ్ల దగ్గర పెడుతూ. "అందుకే పట్టపగలు తేడానికి కొంచెం బయమేసింది. ఎవులైనా సూత్తే మీకు మాటొత్తాది."

మా ఆవిడ మంచినీళ్లు పట్టుకుని గుమ్మంలోనే ఆగిపోయింది.

"బావూ, ఒకటడగాల. ఆ ఉత్తరం సదివినప్పుడు మద్దిలో ఆగిపోనారు. మీ యేలు కాయితం మీద కిందకి ఎల్తంది, మాట రాలేదు. నాకు సదువు రాదు గానీ కాయితం ఎంతుందో కనబడుద్ది గదా. నా గురించేటైనా రాసినారేటి?"

మూట విప్పాను. ఉత్తరం పైనే ఉంది. లేదని చెప్పే వీలుంది, అప్పుడు కూడా. కానీ మా ఆవిడ చదవగలదు.

చదివాను. 'ఎవరినీ నమ్మవద్దని పైవాళ్లు చెబుతున్నారు, దాన్ని తెలుగులోకి మార్చి అందరికీ చెప్పేవాణ్ణి నేనే. కానీ అప్ప చేతికి మూట ఇచ్చాక నేను ఏనాడూ వెనక్కి తిరిగి చూడలేదు. ఆవిడ ఏది తెస్తే అది నేను తెచ్చినట్టే. వచ్చినప్పుడు అన్నం పెట్టి పంపించు.'

అప్ప కాగితం మీద ఆ నాలుగు వరసలవైపు చూసింది. తర్వాత, పోయిన వస్తువు గురించి మాట్లాడినట్టుగా అంది: "ఈ ముక్క ఆయనకి సెప్పుంటే సరిపోను. మద్దినేలకే ఇంటికొచ్చీసీదాన్ని."

"రేపు వెళ్లి చెబుతాను అప్పా. నా మూటేనని రాయించుకోమంటాను."

"ఇప్పుడేటుంది బావూ, పేరెక్కీసింది గదా. మీ గుంట ఉద్యోగం కాయితాలు పాడైపోతాయి." మా ఆవిడ చేతిలో గ్లాసు తీసుకుని నీళ్లు తాగింది. "ఆస్టల్లో గిన్నెలు తోముతున్నాన్లే. దగ్గిరే."

అప్ప వెళ్లిపోయాక మా ఆవిడ మూటలోంచి గలీబులు తీసి, దులిపి, మడతపెట్టి, బీరువాలో అడుగున పెట్టేసింది.

నేను చెప్పినట్టు మర్నాడు వెళ్లలేదు. ఆ మర్నాడు కూడా. వానలు పడేనాటికి అమ్మాయి కాగితాలు శుభ్రంగా వచ్చాయి, ఉద్యోగంలో చేరింది. అప్పుడైనా వెళ్లి ఉండొచ్చు. ఎందుకు వెళ్లలేదో చెప్పడానికి నా దగ్గర నాలుగైదు కారణాలున్నాయి, అన్నీ మంచి తెలుగులోనే ఉన్నాయి. చెల్లెలికి మాత్రలు కొరియర్లో పంపుతున్నాను. ఆవిడ చిక్కిందో ఒళ్లు చేసిందో నాకు తెలియడం లేదు.

ఇప్పటికీ టీవీలో ఎర్ర అక్షరాలు వచ్చినప్పుడల్లా భుయ్యాడీహ్‌లో ఒక కానిస్టేబులు అప్ప గుమ్మం ముందు సైకిలు దిగుతాడు. ఉన్నావా అంటాడు. ఉన్నానంటే ముద్ర వేయించుకుంటాడు. వాడకట్టు అంతా చూస్తుంది. ఆ వార్త రాగానే మా ఆవిడ స్టవ్ ఆపేసి చీర మార్చుకుని ఆటో ఎక్కుతుంది. అతను వచ్చి వెళ్లేదాకా అప్ప పక్కన అరుగు మీద కూర్చుని వస్తుంది. నన్ను రమ్మనదు. వస్తానని నేనూ అనలేదు.